రాట్‌వైలర్ కరిచింది: తప్పు జాతిదా, పెంచినవాళ్లదా?

మీరు అడిగింది ఇదీ: ఒడిశా రాయగడలో మీ పక్కింటివాళ్ల రాట్‌వైలర్ గేటు తీసి ఉన్నప్పుడు బయటికొచ్చి మీ మామయ్యగారి ముంజేయి కరిచింది. కాలనీవాళ్లు "ఆ జాతే అంత, ఊళ్లో ఉంచకూడదు" అంటున్నారు. కుక్క గలవాళ్లేమో "మాది అలాంటిది కాదు, ఆయనే కంగారుపడి చెయ్యి విసిరాడు" అంటున్నారు. మీ ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. మీరూ ఒక కుక్కపిల్లని తెచ్చుకుందామనుకున్నారు, ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

ముందు మామయ్యగారి సంగతి. మన వైపు ఇప్పటికీ కాటు మీద సున్నం, కారం, ఏదో ఒక ఆకు పసరు రాసేవాళ్లున్నారు. ఏదీ వద్దు. పంపు కింద సబ్బుతో పావుగంట సేపు కడగాలి, అదే మొదటి మందు. ఆ తర్వాత రేబిస్ టీకా. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. కండకి ఇస్తే 14వ రోజు కూడా ఉంటుంది. పళ్లు దిగి రక్తం వచ్చింది అంటున్నారు కాబట్టి గాయంలోనూ దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోగా రేబిస్‌ని అడ్డుకునే మందు) కూడా వేయాలి, వేశారో లేదో చీటీ చూసి అడగండి. "మా కుక్కకి అన్ని టీకాలూ వేయించాం" అని పక్కింటివాళ్లు ఎంత నమ్మకంగా చెప్పినా మీరు మొదలుపెట్టడం ఆపకండి. కుక్కని మాత్రం పది రోజులు కళ్లముందు ఉంచమనండి, దానికి రేబిస్ ఉంటే ఈలోగా బయటపడుతుంది. ఊరికి పంపేయడం, ఎవరికో ఇచ్చేయడం ఇప్పుడే చేయనివ్వద్దు.

ఇక అసలు ప్రశ్న. గునుపూర్, రాయగడ, పర్లాకిమిడి చుట్టుపక్కల ఇరవై తొమ్మిదేళ్లు పశువైద్యుడిగా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం ఆవులూ మేకలే. పెద్ద జాతి కుక్కలు మన ఊళ్లలో బాగా కనబడుతున్నది ఈ పదిహేనేళ్లుగానే. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక కారు, ఆ కారు పక్కన ఒక రాట్‌వైలర్. నేను చూసినంతలో జాతివాదులదీ, పెంపకంవాదులదీ, ఇద్దరిదీ సగం సగం నిజమే. కానీ ఇద్దరూ వదిలేసే విషయాలే ఎక్కువ ముఖ్యం.

జాతికి ఏమీ సంబంధం లేదు అనేవాళ్లని ఒక్కసారి సంక్రాంతికి పందెం పుంజుల దగ్గరికి తీసుకెళ్లాలనిపిస్తుంది. అసీల్ జాతి కోడిపిల్లని గుడ్డు నుంచి బయటపడ్డ రోజు నుంచీ ఒళ్లో పెట్టుకుని బియ్యం నూకలు తినిపించి పెంచండి. ఇంకో పుంజు ఎదురుపడగానే మెడ ఈకలు లేస్తాయి. ఎవరూ నేర్పలేదు. తరాల తరబడి పోట్లాడేవాటినే ఎంచి గుడ్లు పెట్టించారు, అది రక్తంలోకి వచ్చింది. అదే పుంజు యజమాని చంకలో పిల్లిలా కూర్చుంటుంది చూశారా? ఎంచింది తోటి పుంజు మీద పోట్లాటకి, మనిషి మీదకి కాదు. కుక్కల్లోనూ అంతే. ఇంగ్లండులో ఎద్దుల మీదకి కుక్కల్ని ఉసిగొలిపే ఆటని 1835లో నిషేధించాక, గోతుల్లో కుక్కల మధ్య పోట్లాటలు పెరిగాయి. పట్టిన పట్టు వదలని కుక్కల్ని ఏరి ఏరి పెంచారు. పిట్‌బుల్ పూర్వీకులు అవి. అందుకని పిట్‌బుల్ ఇంకో కుక్కని చూసి రెచ్చిపోతే నాకు ఆశ్చర్యం ఉండదు. మీ రాట్‌వైలర్ కథ వేరు. జర్మనీలో రాట్‌వైల్ అనే ఊరి పేరు అది, పశువుల మందల్ని తోలడానికీ కసాయివాళ్ల బళ్లు లాగడానికీ వాడేవారు. బరువుతో తోసి, అడ్డం నిలబడి, తన మందని కాచుకునే గుణం దానిది. గేటు దాటి వచ్చి, తన చోటనుకున్న చోట నిలబడ్డ కొత్త మనిషిని అడ్డుకోవడం దానికి పుట్టుకతో సులువుగా వచ్చే పనే.

అయితే జాతి పేరు వింటే కుక్క మొత్తం తెలిసిపోయినట్టేనా? కాదు. 2022లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక పెద్ద అధ్యయనం చేశారు. 18 వేలకి పైగా కుక్కల గురించి యజమానుల చేత ప్రశ్నావళి నింపించి, అందులో 2 వేలకి పైగా కుక్కల జన్యువులు చదివారు. ఒక కుక్కకీ ఇంకో కుక్కకీ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి చెప్పగలిగింది దాదాపు 9 శాతమే. చెప్పినట్టు వినడం లాంటి వాటిలో జాతి మాట కాస్త చెల్లింది. ఎంత చికాకు పెడితే తిరగబడుతుంది అన్న విషయంలో మాత్రం అతి తక్కువ. ఈ 9 శాతాన్ని పట్టుకుని "చూశారా, జాతి అబద్ధం" అనేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త. అది మామూలు ఇళ్లలో మామూలు రోజుల గురించి యజమానులు చెప్పిన లెక్క. ఎప్పుడో ఒకసారి జరిగే ఘోరమైన కాటు గురించి అది పెద్దగా ఏమీ చెప్పదు.

నా లెక్క ఇలా ఉంటుంది. కరుస్తుందా లేదా అన్నదాన్ని జాతి కన్నా మిగతావి ఎక్కువ నిర్ణయిస్తాయి. కరిస్తే ఏమవుతుందన్నది జాతి, అంటే దాని బరువూ దవడా నిర్ణయిస్తాయి. పొమరేనియన్లు నన్ను ఎన్నిసార్లు కరిచాయో లెక్కలేదు, చిన్న చిన్న మచ్చలు తప్ప ఏమీ మిగల్లేదు. మగ రాట్‌వైలర్ 50 కిలోల దాకా తూగుతుంది. మీ పాప ఇరవై కిలోలుంటుందేమో. పొమరేనియన్ యజమాని చేసే తప్పే రాట్‌వైలర్ యజమాని చేస్తే ఫలితం ఒకటి కాదు. అందుకని "అన్ని కుక్కలూ ఒకటే" అన్న మాట నేను ఒప్పుకోను.

ఇద్దరూ వదిలేసే మొదటి విషయం వంశం. జాతి కాదు, ఆ తల్లీ ఆ తండ్రీ. రష్యాలో నొవొసిబిర్స్క్ దగ్గర 1959లో బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త నక్కల మీద ప్రయోగం మొదలుపెట్టాడు. ప్రతి తరంలోనూ మనిషిని చూసి బెదరని నక్కల్నే ఎంచుకుని పిల్లలు పెట్టించాడు. కొన్ని తరాలకే కుక్కపిల్లల్లా తోక ఊపే నక్కలు పుట్టాయి. ఆ తర్వాత బాగా కోపిష్టివాటిని ఎంచుతూ ఇంకో వరస కూడా నడిపారు, అవి బోను దగ్గరికి చెయ్యి వస్తే మీద పడేవి. జాతి ఒకటే, నక్కే. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అని మనవాళ్లు అంటారు కదా. దూడకి అది నెత్తుట్లో వచ్చిందా, తల్లి వెనక తిరిగి నేర్చుకుందా అన్నది సామెత చెప్పదు. పశువులు కాచినవాళ్లు రెండూ అనుకునే ఉంటారు. పొడిచే ఆవు పెయ్యని కొనేముందు మన రైతు రెండుసార్లు ఆలోచిస్తాడు. అదే మనిషి పాతికవేలు పెట్టి కుక్కపిల్లని కొనేటప్పుడు తల్లి మొహం కూడా చూడడు.

పర్లాకిమిడిలో ఒక రిటైరయిన మాస్టారు ఉండేవారు. ఎంతో ఓపికతో, పుస్తకాలు చదివి మరీ జర్మన్ షెపర్డ్‌ని పెంచారు. రెండు పూటలా నడక, కొట్టింది లేదు, తిట్టింది లేదు. అయినా ఏడాది దాటేసరికి ఇంటికొచ్చిన వాళ్ల మీదకి దూకేది. దాని తోబుట్టువులు రెండు బరంపురంలో ఉన్నాయని తెలిసి కనుక్కుంటే అవీ అంతే. తల్లి కూడా మనిషి చప్పుడు వింటే మంచం కిందకి దూరి కరిచే రకమట, అమ్మినవాడు చెప్పలేదు. మాస్టారిని పెంపకం రాదని ఎవరైనా అంటే నాకు కోపం వచ్చేది.

రెండోది, పిల్లగా ఉన్నప్పటి మొదటి మూడు నెలలు. కుక్కపిల్ల మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా చూసిందే దాని లోకం. ఆ రోజుల్లో పిల్లలు, గొడుగు పట్టుకున్న మనిషి, ఆటో చప్పుడు, గడ్డం ఉన్న తాత, చీర కట్టుకున్న అమ్మ, వీటన్నిటినీ మంచిగా చూస్తే జీవితాంతం అవి మామూలు విషయాలే. చూడకపోతే అవన్నీ భూతాలే. మన దగ్గర జరుగుతున్నదేంటంటే విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో ముప్పై, ముప్పై ఐదు రోజుల పిల్లని అట్టపెట్టెలో పెట్టి రైల్లో తెస్తున్నారు. ఆ వయసులో దానికి తల్లీ తోబుట్టువులూ నేర్పాల్సిన పాఠం ఒకటుంది, పంటితో ఎంత నొక్కితే ఎదుటిది కుయ్యోమంటుంది అన్నది. ఆ పాఠం పూర్తికాకుండానే వచ్చేస్తోంది. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. వచ్చాక కూడా టీకాలు పూర్తికాలేదని నాలుగు నెలలు గదిలో పెడతారు. పార్వో అనే వైరస్ జబ్బు భయం నిజమే, కాదనను. కానీ చంకనెత్తుకుని సంత దాకా తిప్పి చూపించడానికి ఏ అడ్డూ లేదు.

మూడోది గొలుసు. దీని మీద మాత్రం కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే మన వైపు కరిచిన పెంపుడు కుక్కల్లో గొలుసు కథ లేనిది నాకు అరుదుగా కనబడింది.

గునుపూర్‌లో ఉన్నప్పుడు వంశధార ఒడ్డున ఒక ఊళ్లో ఊరకుక్క ఒకటి ఈనింది. ఒక మగపిల్లని మేకలవాళ్లు పట్టుకెళ్లారు, ఇంకోదాన్ని రైసుమిల్లు వాళ్లు కాపలాకి తెచ్చుకున్నారు. మేకలది పొద్దున్నే మంద వెంట కొండకి పోయి సాయంత్రం వచ్చేది, దారిలో వందమంది కనబడేవాళ్లు, ఎవర్నీ పట్టించుకునేది కాదు. మిల్లుదాన్ని రెండు గజాల గొలుసుకి కట్టారు. పగలంతా కట్టేస్తే రాత్రికి కసి పుడుతుందని వాళ్ల నమ్మకం. హమాలీలు పోతూ వస్తూ బూటుతో తట్టడం, దాని ముందు రొట్టె ఆడించడం. ఏడాది తిరక్కముందే ఒక హమాలీ పిక్క ఊడదీసినంత పని చేసింది. ఒక్క ఈత రెండు కుక్కలతో శాస్త్రం తేలదు, నాకు తెలుసు. కానీ టీకా వేయడానికి రెండు చోట్లకీ వెళ్లినవాణ్ని నేనే కాబట్టి నా మనసులోంచి పోలేదు. భయమేస్తే ఏ జంతువైనా ముందు పారిపోవాలనుకుంటుంది. గొలుసున్న కుక్కకి ఆ దారి లేదు. మిగిలింది పళ్లే.

అమెరికాలో 2000 నుంచి 2009 దాకా కుక్క కాటుతో చనిపోయిన 256 మంది కేసుల్ని పశువైద్య పరిశోధకులు ఒక్కొక్కటిగా తవ్వారు. 76 శాతం కేసుల్లో అవి ఇంటి మనుషులతో కలిసి మెలగని కుక్కలు, పెరట్లోనో కంచెలోనో విడిగా ఉంచినవి. 84 శాతం కేసుల్లో సంతాన నియంత్రణ ఆపరేషన్ కానివి. 87 శాతం కేసుల్లో ఆపగలిగిన మనిషి దగ్గర్లో లేడు. ఐదింట నాలుగు కేసుల్లో ఇలాంటి కారణాలు నాలుగో అంతకన్నా ఎక్కువో కలిసి ఉన్నాయి. ఇంకో తమాషా, ఎనభై శాతానికి పైగా కేసుల్లో ఆ కుక్క ఏ జాతో గట్టిగా తేల్చలేకపోయారు. పేపర్లో మాత్రం జాతి పేరు వచ్చేసి ఉంటుంది.

మన దేశంలోనే చూడండి. 2022 జులైలో లక్నోలో ఇంటి పిట్‌బుల్ చేతిలో ఎనభై దాటిన పెద్దావిడ చనిపోయింది, అప్పుడు జాతి మీద గగ్గోలు పుట్టింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని చంపినవి జాతీ యజమానీ రెండూ లేని వీధికుక్కలు. గుంపుగా ఉండటమే అక్కడ ప్రమాదం. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల్ని పెంచనివ్వొద్దని రాష్ట్రాలకి లేఖ రాసింది, రాట్‌వైలర్ కూడా అందులో ఉంది. సంబంధించిన వాళ్ల మాట వినకుండా చేశారని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. బ్రిటన్ 1991లోనే నాలుగు రకాల్ని నిషేధించింది, 2023 చివర్లో ఎక్స్ఎల్ బుల్లీ అనే ఇంకో రకాన్ని చేర్చాల్సి వచ్చింది. ఒక పేరు మూస్తే ఇంకో పేరుతో అలాంటిదే పుట్టుకొస్తుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందటి మాట. ఒక అల్సేషన్ అన్నం గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటోందని యజమాని వచ్చాడు. అప్పట్లో నాకు తెలిసిందీ నేను నమ్మిందీ ఒకటే, కుక్కకి నువ్వే నాయకుడివని చూపించాలి. "పడేసి మెడ నొక్కిపట్టు, ఇంకోసారి గుర్రనదు" అని చెప్పాను. నిజంగానే గుర్రనడం మానేసింది. ఆయన నాకు స్వీట్లు కూడా తెచ్చిచ్చాడు. కొన్నాళ్లకి అన్నం తింటుండగా వాళ్ల అబ్బాయి పక్కనుంచి వెళ్తే ఏ చప్పుడూ లేకుండా చేతిని పట్టేసింది. ఎనిమిది కుట్లు. కుక్క దగ్గరున్న హెచ్చరికని నేను తీసేయించాను, భయం మాత్రం అలాగే ఉండిపోయింది. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు రాసింది తర్వాత చదివాను. కొట్టడం, తన్నడం లాంటివి ప్రయత్నించిన యజమానుల్లో 43 శాతం మంది కుక్క తిరగబడిందని చెప్పారు. ఆ నాయకుడి సిద్ధాంతం కూడా బోనులో కుక్కిన తోడేళ్లని చూసి అల్లిందేనట. అడవిలో అవి తల్లీ తండ్రీ పిల్లలుగా బతుకుతాయి.

అందుకే "మొరిగే కుక్క కరవదు" అన్న సామెత అంటే నాకు భయం. మొరిగే కుక్కా కరుస్తుంది. కాకపోతే ముందు చెబుతుంది. ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడటం, కంటి తెల్లగుడ్డు పక్కకి కనబడటం, ఆకలి లేకుండానే పెదాలు నాకడం, నిద్ర రాకుండానే ఆవలించడం, ఇవన్నీ గుర్రుకి ముందొచ్చే మాటలు. తోక ఊపుతోంది కదా అనుకోవద్దు, కోపంలోనూ ఊపుతుంది.

ఒంట్లో బాగోకపోవడం గురించి ఎవరూ మాట్లాడరు. నేను చూసిన అతి దారుణమైన కాటు ఒక లాబ్రడార్‌ది. ఆరేళ్లుగా ఇంటి పిల్లల మీద పడి దొర్లే కుక్క. చెవిలో చీము పట్టి నెల రోజులైంది, ఎవరూ చూడలేదు. పాపం పిల్ల ఎప్పటిలాగే చెవి పట్టుకుని లాగింది. అది ఏ జాతి దోషం? ఉన్నట్టుండి స్వభావం మారిన కుక్కని ముందు డాక్టరుకి చూపించాలి, ఆ తర్వాతే తిట్టాలి.

మీ పక్కింటి కేసుకి వస్తాను. నేనైతే వాళ్లని ఈ ప్రశ్నలు అడుగుతాను. ఎన్ని రోజుల పిల్లప్పుడు తెచ్చారు? రోజులో ఎన్ని గంటలు గొలుసుకో డాబా మీదో ఉంటుంది? ఇంతకుముందు ఎవరి మీదకైనా దూకిందా? ఆజ్ఞలు ఎవరిస్తారు? మన సరిహద్దు ఇళ్లలో ఇదొక చిక్కు. తాతగారు "కూర్చో" అంటారు, కోడలు ఒడియాలో "బొసొ" అంటుంది, మనవడు "సిట్" అంటాడు. కుక్క ముగ్గుర్నీ చూసి ఎవరి మాటా వినదు. ఇక మామయ్యగారి గాయం ఎలా ఉందో చూడండి. ఒక్క కాటు, పైపైన రెండు మూడు గాట్లు అయితే, "దూరం పో" అని చెప్పింది. లోతుగా దిగి, చుట్టూ కమిలి, పట్టుకుని విదిలించిన ఆనవాళ్లుంటే, లేదా వరసగా కరిచి ఉంటే మాత్రం పరిస్థితి వేరు. అలాంటి కుక్కని పిల్లలున్న వీధిలో ఉంచడం గురించి నేను గట్టిగానే మాట్లాడతాను.

ఆయన చెయ్యి విసిరాడన్నది నిజమే కావచ్చు. కానీ భయపడటం నేరం కాదు. 50 కిలోల కుక్క గేటు బయటికొస్తే ఎవరైనా చెయ్యి విసురుతారు. గేటు వేయడం వాళ్ల పని. భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఇలాంటి నిర్లక్ష్యానికే, ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. పక్కపక్క ఇళ్లు, ముందు కూర్చుని మాట్లాడండి. రెండు తలుపుల గేటు, తానే మూసుకునే గడియ, బయటికి తీసినప్పుడు మూతికి బుట్ట. ఎద్దులకి చిక్కం కడతాం, ఎవరూ అవమానం అనుకోరు. కుక్కకి కడితే మాత్రం ఇంటి పరువు పోయినట్టు చూస్తారు. నోరు కొంచెం తెరుచుకుని రొప్పడానికీ నీళ్లు తాగడానికీ వీలుండే బుట్ట రకమే కొనమనండి, గుడ్డది ఎండలో ప్రాణం తీస్తుంది. వీటికి ఒప్పుకోకపోతే అప్పుడు స్టేషన్ మెట్లెక్కొచ్చు. "కాసిన్ని పచ్చి మాంసం తగ్గించండి, కోపం తగ్గుతుంది" అని ఎవరో సలహా ఇచ్చారని రాశారు. మాంసానికీ కోపానికీ సంబంధం లేదు, దాన్ని పక్కన పెట్టండి.

మీ ఇంటికి కుక్కపిల్ల గురించి. పాపకి ఆరేళ్లు, మీరిద్దరూ ఉద్యోగాలు, పగలు ఇంట్లో మామయ్యగారొక్కరే. పెద్ద కాపలా జాతి మీకు వద్దు. అది చెడ్డదని కాదు, దానికివ్వాల్సిన సమయం మీ దగ్గర లేదు. మీ వీధిలోనే ఈనిన ఊరకుక్క పిల్లల్లో ఒకటి నాకు నచ్చే మాట. ఈ ఎండకీ వానకీ తట్టుకుంటుంది, తల్లి ఎలాంటిదో మీరు రోజూ చూస్తూనే ఉంటారు. జాతి పిల్లే కావాలంటే ఎనిమిది వారాలు నిండాక, తల్లిని చూశాకే. తల్లి మీ చేతిని వాసన చూసి మామూలుగా ఉంటే సరే. చూపించను, ఫోటో పంపిస్తాను అంటే అడ్వాన్సు ఇవ్వకుండా రైలెక్కి వచ్చేయండి. తెచ్చాక కుక్కనీ పాపనీ ఒంటరిగా ఒక గదిలో వదలొద్దు, ఎంత మంచిదైనా సరే. తినేటప్పుడూ పడుకున్నప్పుడూ దాని జోలికి పోకూడదని పాపకి ముందే చెప్పి పెట్టండి.

అన్నట్టు, మామయ్యగారికి 28వ రోజు డోసు. అప్పటికి గాయం మానిపోతుంది కాబట్టి మనవాళ్లలో చాలామంది ఎగ్గొట్టేది దాన్నే. క్యాలెండర్ మీద ఇప్పుడే గీత పెట్టి ఉంచండి.